రెండో సాక్షి దొరికేదాకా

సార్ పోయారని కబురు వచ్చిన రోజు బంద్. ఫోన్ చేసింది అమ్మగారు, అంటే సార్ భార్య. "మీ సార్ తెల్లవారుజామున వెళ్ళిపోయారమ్మా" అని, నేను నోరు తెరవకముందే, "ఆటోలుండవు, చూసుకుని నడిచి రా" అన్నారు. సరూర్‌నగర్‌లో మా ఇంటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా దారి పొడవునా షట్టర్లు దించి ఉన్నాయి. చౌరస్తాలో టైర్లు అడ్డం పెట్టుకుని కూర్చున్న పిల్లలు నన్ను ఆపారు. వాళ్లలో ఇద్దరు మా కాలేజీవాళ్లే. వారం కింద వాళ్లతో కలిసి నేనూ అదే చౌరస్తాలో నినాదాలు ఇచ్చాను.

"యాడికక్కా? ఇయ్యాల అన్ని బందే."

"మా సార్ పోయిండు."

"ఏం సారు?"

డ్రాయింగ్ సార్ అంటే చాలదనిపించింది. "యుద్ధంల కూలిపోయిన విమానాలుంటయ్ గద. గా ఇంజను ముక్కలు చూసి ఏ విమానందో చెప్పే సారు" అన్నాను.

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు లేచి టైరు పక్కకి జరిపాడు. "పో అక్కా. గసుంటి సారు ఉన్నడని మాకెవ్వరు చెప్పలే."

అందుకే ఇప్పుడు చెబుతున్నాను.

సార్ గోదావరి వైపు మనిషి. చిన్న వయసులో ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చి, విమానాల ఇంజన్లు విప్పి బాగుచేసే వర్క్‌షాపులో రిటైరయ్యేదాకా పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇక్కడే మిగిలిపోయిన ఇంజన్ల మీదే ఆయన పని నేర్చుకున్నారు. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల సందులో, మేడ మీద గదిలో మాలాంటి ఇంజినీరింగ్ పిల్లలకి డ్రాయింగ్ చెప్పేవారు. బల్లకి ఒక చివర మా డ్రాయింగ్ షీట్లు. రెండో చివర పాత పేపర్ల మీద లోహపు ముక్కలు. యుద్ధకాలంలో మన కొండల్లో, అడవుల్లో కూలిన విమానాల నుంచి దొరికినవి. అడవిలో ఉద్యోగాలు చేసేవాళ్లు, పాత ఇనుప సామాన్ల వ్యాపారులు, ఊరికే కొండలెక్కే కుర్రాళ్లు, ఎవరికి ఏది దొరికినా చివరికి ఆ మేడ మెట్లెక్కి వచ్చేవాళ్లు. ఒకసారి ఒక గూడెం నుంచి పిస్టన్ వచ్చింది. అక్కడ దాన్ని రోలుగా వాడుకున్నారట. సార్ ముక్కు దగ్గర పెట్టుకుని పెద్దగా తుమ్మి, "మిరపకాయ. ఇది మాత్రం సాక్ష్యం కింద రాదు" అన్నారు.

ముక్క బల్ల మీదికి రాగానే చేతులు కడుక్కోవాలి. మెకానిక్కులు పని అయ్యాక కడుక్కుంటారు, సార్ మొదలుపెట్టే ముందు కడుక్కునేవారు. "మన జిడ్డు దానికి అంటకూడదమ్మా. దాని మురికిలోనే దాని కథ ఉంటుంది" అనేవారు. ముక్కని మాత్రం ఎవరినీ కడగనిచ్చేవారు కాదు. ఆ తర్వాత అసలు పరీక్ష. అది ఏ భాగమో పేరు పలకకుండా, కనిపించింది కనిపించినట్టు చెప్పాలి. నా మొదటి రోజున నేను ధైర్యంగా "గుండ్రంగ ఉంది సార్" అన్నాను.

"ఏ గుండ్రం? గాజు గుండ్రమా, గారె గుండ్రమా, గుమ్మడికాయ గుండ్రమా?"

"గారె సార్. నడుమ చిల్లుంది."

"ఆ చిల్లు అంచు?"

"నల్లగ ఉంది సార్."

"కాటుక నలుపా, మాడిన అట్టు నలుపా?"

వంగి చూశాను. మాడిన అట్టు నలుపే. అంటే మంటలో పడింది. కాటుకలా మెత్తగా ఉంటే పాత నూనె పేరుకున్నట్టు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ చెరువు నీళ్లకీ, పానీపూరీ బండికీ, మా అమ్మ గొంతుకీ పేరు లేకుండా మాటలు వెతుక్కున్నాను. మాటల మీద నా ఇష్టం ఆ కాలిన లోహం దగ్గరే మొదలైంది.

ఇక పేరు పెట్టాలంటే రెండు సాక్ష్యాలు కావాలి. రెండూ ముక్కలో వేరువేరు చోట్ల నుంచి రావాలి. ఎవరైనా ఉత్సాహపడి "ఫలానా ఇంజనే సార్" అంటే, "మొదటి సాక్షి చెప్పాడు, బాగుంది. రెండో సాక్షి ఎవరు?" అనేవారు. ఈ మాట ఆ ఇంట్లో వంటగది దాకా పాకింది. చారులో ఉప్పు తక్కువైందని సార్ అంటే, అమ్మగారు గరిటె ఆపి "రెండో సాక్షి ఎవరండీ?" అనేవారు. అందుకోసమే సార్ నన్ను అప్పుడప్పుడు భోజనానికి ఉండమనేవారు. నేను మాత్రం ఎప్పుడూ అమ్మగారి పక్షమే.

తెలంగాణ ఉద్యమం రోజులవి. మా వీధుల్లో ప్రతివాళ్లూ ప్రతివాళ్లనీ "మీదెక్కడ?" అని అడిగేవాళ్లు. కిరాయికి ఇల్లు చూపించేటప్పుడూ అదే, కాలేజీ క్యాంటీన్‌లోనూ అదే. సార్ ఆ ప్రశ్న బల్ల మీది ముక్కల్ని మాత్రమే అడిగేవారు. ర్యాలీకి పోతున్నానని చెబితే, "వెళ్ళు. నీళ్ల సీసా పట్టుకెళ్ళు. రేపు షీటు పూర్తి చెయ్యి" అనేవారు. మూడూ ఒకే గొంతుతో.

ఇలా ఉండగా, బతుకమ్మ ఆడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం వనస్థలిపురం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రిటైరైన బస్ కండక్టర్. మేమంతా కండక్టర్ తాత అనేవాళ్లం. తువ్వాలలో చుట్టిన ముక్కని పసిబిడ్డని దించినట్టు బల్ల మీద దించాడు. మట్టి పట్టిన అల్యూమినియం ముక్క. ఒక పక్క విల్లులా వంపు, ఇంకో పక్క పొడుచుకొచ్చిన చూపుడువేలంత పొడవు బోల్టు.

"మా పెద్దన్న యుద్ధంల విమానాల కాడ మెకానిక్ సార్. నేనప్పుడు చిన్నపోరన్ని. సామాన్లు మోసే విమానం ఎక్కి మల్ల రాలే. శవం లేదు, సక్కని కబురు లేదు. పారిపోయిండని ఊర్ల అన్నరు. మా నాయిన గదే నమ్మిండు."

దసరా ముందు వచ్చే అమావాస్యని మేం పెత్రమాస అంటాం. పోయినవాళ్లని తలుచుకుని, వాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చే రోజు. తాత దాని గురించే చెప్పాడు. "అందరి పేరు మీద ఇస్తం సార్. మా అన్న పేరు మీద ఇంతదాక ఇయ్యలే. బతికున్నోనికి బియ్యమెట్ల ఇస్తరని మా నాయిన ఇయ్యనియ్యలే. మా నాయిన పాయె, అమ్మ పాయె. నేను గూడ పోతె గాయన పేరు ఎత్తెటోడే ఉండడు. గాయన పారిపోలే సార్. నాకెర్క."

అన్నతో పనిచేసిన మనిషి ఒకాయన అప్పట్లో ఇంటికొచ్చి, అది రెండు అమెరికా ఇంజన్ల విమానమనీ, నల్లమల దాటుతూ వానలో కనబడకుండా పోయిందనీ చెప్పి వెళ్లాడట. తాత కొన్నేళ్లు అడవి రూటు బస్సులో పనిచేశాడు. కొండ మీద విమానం ముక్కలున్నాయని ఒక ప్రయాణికుడు చెప్పిన మాట పట్టుకుని, రిటైరయ్యాక వెళ్లి ఇది తెచ్చాడు. ఇది అమెరికా ఇంజనుదైతే అన్న ఆ కొండ మీదే పోయాడన్నమాట. అప్పుడు అన్నకీ బియ్యం ఇవ్వచ్చు.

సార్ భూతద్దం పెట్టి చూశారు. మట్టి కింద లేత ఎర్రటి సిరా మరక. ఇంజను తయారైన చోట తనిఖీ చేసి వేసే ముద్ర కావచ్చన్నారు. "దీన్ని నెమ్మదిగా పైకి తేవాలండీ. ఇక్కడే ఉంచండి."

"దసరకు ఒక్కనాడు ఇంట్ల పెట్టుకుంట సార్. పండుగెల్లంగనే తెస్త."

"సరే. కడగకుండా తీసుకురండి."

పండుగ వెళ్లగానే తెచ్చాడు. తువ్వాల విప్పితే ముక్క తళతళలాడుతోంది. చింతపండు పెట్టి తోమి, ఇనుప బ్రష్షుతో రుద్ది, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టాడు.

"కడగకుండ దేవుని ముంగట ఎట్ల పెడ్త సార్? డిపోల దసరకు బస్సుకు ఎట్ల చేస్తుంటిమో గట్లనే చేసిన. నిమ్మకాయ గూడ కట్టిన" అన్నాడు సంబరంగా.

ఎర్ర ముద్ర ఉన్న చోట ఇప్పుడు నా ముఖం కనిపిస్తోంది. సార్ భూతద్దం తీసి ఆ చోటే వెతికారు. అది చూసి తాతకి విషయం అర్థమైంది. బల్ల అంచు పట్టుకుని, "ఆగం చేసిన్నా సార్?" అన్నాడు.

"లేదండీ. ఒక సాక్షి ఊరు వదిలి వెళ్ళిపోయాడు. ఇంకా ఉన్నారు. పట్టుకుందాం" అన్నారు సార్, చేతులు కడుక్కోవడానికి లేస్తూ.

మొదటి సాక్షి బోల్టు. బోల్టు మీద మెలితిరిగే గాడిని మర అంటాం. ఆ మందం బోల్టుకి ఇంగ్లండ్ మర అయితే ఇంచుకి ఇరవై రెండు చుట్లు, అమెరికా మర అయితే ఇరవై నాలుగు. మర కొలిచే గేజ్ సార్ దగ్గర ఉంది. కానీ బ్రష్షు దెబ్బకి అంచులు అరిగి, దాని పళ్లు సరిగా కూర్చోవడం లేదు. అప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మాది పోచంపల్లి, నాన్నకి కొత్తపేటలో చీరల దుకాణం. నేతలో ఇంచుకి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టే మడత అద్దం ఆయన గల్లాపెట్టెలో ఉంటుంది. అడుక్కొచ్చాను. "ఇనుముకు గూడ పోగులుంటయా బిడ్డా? రంగు వోతదేమో జర చూడు" అని నవ్వి ఇచ్చాడు.

బోల్టుని కిటికీ వైపు తిప్పి అద్దం ఆనించాను. తాత పూసిన పసుపు మర లోపలికి పోయి ఎండి ఉంది. మెరుస్తున్న లోహం మధ్య పచ్చటి గీతలు, చీర అంచులో జరీలాగ ఒకదాని వెనక ఒకటి. ఎంత తేటగా ఉన్నాయంటే లెక్క తప్పడానికి వీల్లేదు. "మీ పూజ వృథా పోలేదండీ, మీ పసుపే దారి చూపిస్తోంది" అన్నారు సార్. ముగ్గురం విడివిడిగా లెక్కపెట్టాం. ముగ్గురికీ ఇరవై రెండే వచ్చింది.

తాతకి లెక్క తెలుసు గానీ దాని అర్థం ఒప్పుకోలేదు. "రెండో సాక్షి ఉండాలె గద సార్" అన్నాడు. సార్ తల ఊపారు.

రెండో సాక్షి ఆ విల్లు వంపు. సిలిండర్ కూర్చునే రంధ్రం అంచు అది. కాస్త వంపు ఉంటే చాలు, మూడు చుక్కలు పెట్టి మొత్తం వృత్తం గీయొచ్చు. మొదటి సంవత్సరం డ్రాయింగ్ పాఠం. సార్ నా చేతికే పెన్సిల్ ఇచ్చారు. అమెరికా ఇంజన్లలో ఆ రంధ్రం కాస్త చిన్నది, గీస్తున్నంతసేపూ వృత్తం చిన్నగా రావాలని కోరుకున్నాను. పెద్దగానే వచ్చింది, ఇంగ్లండ్ ఇంజన్ల కొలతకి సరిగ్గా. సార్ చెరిపించి మళ్లీ గీయించారు. అంతే వచ్చింది.

"అయితే గిది మా అన్నది కాదా?"

ఆ క్షణంలో సార్ అవునంటే ఎవరికీ నష్టం లేదనిపించింది నాకు. ఎవరొచ్చి అడుగుతారు? ఒక ముసలాయన అన్న పేరు మీద బియ్యం ఇచ్చుకుంటాడు, అంతే కదా.

"కాదండీ" అన్నారు సార్. "నేనిప్పుడు మీకోసం అవునంటే, ఇంకెవరి అన్ననో తెచ్చి మీ ఇంట్లో పెట్టినవాణ్ణవుతాను. వాళ్లూ ఎక్కడో ఎదురుచూస్తుంటారు."

తాత ముఖం ఎర్రబడింది. "మీ ఆంధ్రోల్లకు మా మాట ఎన్నడు చెల్లింది!" అని లేచి, ముక్కని అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయాడు. నాకు సిగ్గేసింది, కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. సార్ కొత్త పేపరు పరిచి, "ఇది ఇంకొకళ్ళ అన్నమ్మా. మధ్యలో పెట్టు, పడిపోకుండా" అన్నారు.

తర్వాత బస్సుల సమ్మె వచ్చింది. సార్ రోజూ ఒకటే ప్రశ్న. "కొండ మీద ఇంకో చోటు కూడా ఉందేమో. ఆయన అడిగాడో లేదో. ఎక్కడుంటాడు ఇప్పుడు?" రిటైరైనా ఊరుకునే మనిషి కాదు, సమ్మె టెంటులో ఉంటాడన్నాను. మోకాళ్ల నొప్పులతో సార్ నాతో షేర్ ఆటో ఎక్కి ఎల్బీనగర్ వచ్చారు. రోడ్డు పక్క టెంటు, ముందు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. తాత తివాచీ మీద ముందు వరసలో ఉన్నాడు. మమ్మల్ని చూసి చూపు తిప్పుకున్నాడు. సార్ చెప్పులు విడిచి, అబ్బా అంటూ వెళ్లి ఆయన పక్కనే కూలబడ్డారు. వెనక నుంచి ఒక కుర్ర డ్రైవర్ అడిగాడు, "సార్, మీదెక్కడ?"

చుట్టూ తలలు ఇటు తిరిగాయి. సార్ వెనక్కి తిరిగి, "గోదావరి జిల్లా బాబూ. రెండో సాక్షి కూడా ఉంది, మా ఆవిడ" అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు, తాతకి తప్ప. ఆయన పెదవి బిగబట్టి, ఆపుకోలేక ఫక్కున నవ్వాడు. "మా సారే. ఇంత బువ్వ పెట్టున్రి" అన్నాడు. విస్తర్లలో వేడి అన్నం, పప్పు వచ్చాయి. తింటూ తింటూ సార్ అసలు మాట అడిగారు. కొండకి అవతల దిక్కున ఇంకో విమానం పడిందని గూడెంలో ఒక ముసలామె అన్నదట. అప్పట్లో తాత దాన్ని పట్టించుకోలేదు. "పోత సార్. సమ్మె అయిపోంగనే పోత."

తాత అడవికి వెళ్లిన రోజుల్లోనే సార్‌కి ఊపిరి ఆడక దవాఖానలో చేర్చారు. చూడటానికి వెళితే నోటికి మాస్కు. దాన్ని కొంచెం పక్కకి జరిపి, మంచం పక్క స్టాండుకి వేలాడుతున్న సెలైన్ సీసా వైపు కళ్లతో చూపించారు. "చెప్పు. పేరు లేకుండా."

"నీళ్లలెక్కుంది సార్. కిందికి... సన్నగ..." అని ముఖం పక్కకి తిప్పుకున్నాను.

"సన్నగా అంటే? దారం సన్నమా, వెంట్రుక సన్నమా?" అని ఆగి, ఊపిరి తీసుకుని, "రేపు సరిగా చెప్దువుగాని" అన్నారు. ఆ రేపు రాలేదు. చూసిన ప్రతిదానికీ సరైన మాట దొరికేదాకా వెతకడమే నేను ఆయనకి చేయగలిగింది. చేస్తున్నాను.

సార్ కర్మలు అయిన మరునాడు కండక్టర్ తాత వచ్చాడు. అడవి నుంచి వచ్చాకే తెలిసిందట. గుమ్మంలో నిలబడి సార్ ఫొటోని చూస్తూ చాలాసేపు లోపలికి రాలేదు. అమ్మగారే "రండి అన్నయ్యగారూ" అని గది తలుపు తీశారు. ఆయన చంకలో పేపరు చుట్టిన ముద్ద. బల్ల మీద విప్పితే ఎర్రమట్టి, ఎండుటాకులు, మధ్యలో నట్టు బిగిసి ఉన్న ఒక బోల్టు, మందం మొదటిదానంతే.

"కడగలే బిడ్డా. చేతులు కడుక్కొనే పట్టుకున్న" అన్నాడు.

నేనూ చేతులు కడుక్కున్నాను. పేరు పలకకుండా కనిపించిందంతా పైకి చెప్పాను, కుర్చీ ఖాళీగా ఉన్నా. మట్టి రాలని చోట నాన్న అద్దం ఆనించి లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. అమ్మగారికి అద్దం ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, పెదవులు కదుపుతూ, వత్తులు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టారు. ఇరవై నాలుగు.

తాత నన్నే చూస్తున్నాడు. ఆయన అన్న నా నాలుక చివర ఉన్నాడు. అవునంటే వచ్చే పెత్రమాసకి ఆ ఇంట్లో ఒక పేరు పెరుగుతుంది.

"మర అమెరికాదే తాతా" అన్నాను. "గని గిది ఉత్త బోల్టు. వంపు లేదు, ముద్ర లేదు. రెండో సాక్షి లేడు."

ఆయన కాసేపు సార్ కుర్చీ వైపు చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. "సార్ ఉంటె గదే అంటుండె. ఒక్కడు దొరికిండు, ఇంకొకడు దొరకడా? ఎండకాలం రానీ. వాగులెండుతయ్. మల్ల పోత."

"నేనూ ఒస్త" అన్నాను.

అమెరికా బోల్టు మట్టితో సహా సార్ బల్ల మీదే ఉండిపోయింది. వెళ్లబోతూ తాత ఆగి, బల్ల మధ్యలో ఉన్న మొదటి ముక్కని చూశాడు. మరలో పసుపు ఇంకా పచ్చగానే ఉంది. "వాల్లెవ్వరన్న ఒచ్చేదాక గీయన నా కాడ ఉండనీ అమ్మా" అని అమ్మగారిని అడిగి, తువ్వాలలో చుట్టుకున్నాడు.

బస్టాపు దాకా నేనూ వెళ్లాను. వనస్థలిపురం బస్సు వచ్చింది. తాత కిటికీ పక్కన కూర్చుని తువ్వాల మూటని ఒళ్లో పెట్టుకున్నాడు. చిన్న వయసు కండక్టర్ దగ్గరికి రాగానే, "నాకు పాసుంది. గీయనకు టికెట్ కొట్టు" అన్నాడు.

కండక్టర్ అటూ ఇటూ చూశాడు. "ఎవరికి పెద్దాయనా?"

"పేరు ఇంగ తెల్వలే. నువ్వయితె కొట్టు."

బస్సు కదిలేసరికి కిటికీలోంచి కనిపించింది. ఆ టికెట్‌ని ఆయన తువ్వాల మడతలో, ముక్క పక్కనే, గాలికి ఎగిరిపోకుండా జాగ్రత్తగా దోపుతున్నాడు.